తేమకు కాలమ్, తతిమావాటికి జేసన్‌బీ

బిడ్డా,

మిర్యాలగూడ మిల్లుల ధాన్యం లాట్ల డేటాబేస్ నీ చేతికొచ్చిందట. ఒక మిల్లు తేమ, తాలు రాస్తది, ఇంకోటి గన్నీల లెక్క రాస్తది. అన్నిటినీ "లాట్, గుణం, విలువ" అని మూడు కాలమ్‌ల టేబుల్‌ల పోద్దామనిపిస్తది. ఆగు, ముందు లెక్క చూడు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ల ఒక్కో వరుసకు హెడర్, పాయింటర్ కలిపి 28 బైట్లు ఊరికె పోతయి. 50 లక్షల లాట్లకు 20 గుణాలంటే 10 కోట్ల వరుసలు. డేటా పడకముందే 2.8 జీబీ, ఇండెక్స్‌లు వేరె. సరే, డిస్కు కొనుక్కోవచ్చు. అసలు తిప్పలు క్వెరీ కాడ. మూడు షరతులు పెడితే అదే టేబుల్‌ను మూడుసార్లు జాయిన్ చెయ్యాలె. ప్లానర్ (క్వెరీ ఎట్ల నడపాల్నో తేల్చేది) వరుసలను తక్కువ అంచనా వేసి నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకు మళ్ల మళ్ల వెతికే దారి) పట్టిందంటే రిపోర్ట్ కదలదు. పైగా విలువ కాలమ్ టెక్స్ట్ అయితే, తేమ 17 దాటిన లాట్లు అడిగితే 9.5 కూడ వస్తది. అక్షరాల పోలికల 9 ముందట 1 చిన్నదే కద.

అందుకే వెతికేది, కూడేది, పైసలు లెక్కగట్టేది ఏదైనా నిజం కాలమ్‌గనే పెట్టు. ఖాళీగ ఉంటే నష్టం లేదు, నల్‌కు (ఖాళీ విలువకు) పట్టేది ఒక్క బిట్టు. 11వ వెర్షన్ నుంచి స్థిరమైన డిఫాల్ట్‌తో కాలమ్ చేర్చినా టేబుల్ తిరగరాయదు. అయినా ఆల్టర్ టేబుల్‌కు (కాలమ్ చేర్చే ఆజ్ఞకు) గట్టి లాక్ కావాలె. ముందు ఏదన్న పెద్ద క్వెరీ నడుస్తుంటే ఆ ఆల్టర్ ఆగుతది, దాని ఎనక వచ్చినోళ్లంత ఆగుతరు. లాక్ టైమౌట్ (లాక్ కోసం ఎదురుచూసే గడువు) 2 సెకండ్లు పెట్టి, దొరకకపోతే మళ్ల కొట్టు.

అప్పుడప్పుడు చూసే తతిమావాటికి అదే వరుసల ఒక జేసన్‌బీ కాలమ్ (ఎన్ని కీ-విలువ జంటలనైనా ఒక్కచోట పెట్టేది) చాలు. దానిమీద కట్టే జిన్ ఇండెక్స్ (లోపలి కీలు, విలువలు వెతికేది) @> గుర్తుకు (ఈ కీకి ఈ విలువ ఉందా అని అడిగేదానికి) పనికొస్తది, "17 కంటే ఎక్కువ" లాంటి దానికి పనికిరాదు. దానికి ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ (ఆ కీ విలువను నెంబర్‌గ మార్చి కట్టేది) కావాలె. ఒక్క వరుసల "17%" అని రాసి ఉన్నా నెంబర్‌గ మార్చేటప్పుడు ఇండెక్స్ కట్టడమే ఆగిపోతది, కాబట్టి ముందుగల్ల ఆ చెత్త ఏరు. కట్టినంక అనలైజ్ (గణాంకాలు పోగుచేసే ఆజ్ఞ) కొట్టు. లేకుంటే ఆ విలువల గణాంకాలు ప్లానర్‌కు తెల్వవు.

రోజూ మారేదాన్ని, అంటే నిల్వ బస్తాల లాంటిదాన్ని, జేసన్‌బీల దాచకు. ఒక్క కీ మార్చినా ఆ విలువంత కొత్తగ రాసుకుంటది. వరుస సుమారు 2 కేబీ దాటితే పెద్ద విలువలు టోస్ట్ టేబుల్‌కు (పెద్ద విలువలు దాచే పక్క టేబుల్‌కు) పోతయి. అప్పుడు ఒక్క కీ చదవాలన్నా మొత్తం బయటికి తియ్యాలె. "తేమ", "తేమ శాతం", "మాయిశ్చర్" అని ఒకే సంగతికి మూడు కీలు పుట్టకుండ, ఒప్పుకునే పేర్లకు చిన్న టేబుల్ ఒకటి పెట్టి, డేటా ఎక్కేటప్పుడే దాంతోటి సరిచూడు.

ఎవరు, ఎప్పుడు కొలిచిండ్రో ప్రతి కొలతకు చరిత్ర కావాలంటే మాత్రం ఆ మూడు కాలమ్‌ల పద్ధతే నయం. అప్పుడు గూడ నెంబర్‌కు, టెక్స్ట్‌కు, తేదీకి వేరె వేరె కాలమ్‌లు పెట్టి, వాటిల సరిగ్గ ఒకటే నిండాలని చెక్ వెయ్యి. గుణం పేరుకు బదులు స్మాల్‌ఇంట్ (రెండు బైట్ల చిన్న పూర్ణాంకం) నెంబర్ వాడు.

ఏది కట్టినా పది వరుసలతోటి పరీక్షించి మురవకు. సీజన్ డేటా అంత ఎక్కించి, ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌ల (క్వెరీని నడిపి దాని దారి చూపే ఆజ్ఞల) అంచనా వరుసలు, వచ్చిన వరుసలు పక్కపక్కన చూడు. నూరు రెట్లు తేడా కనబడితే ఆ షరతుల ఉన్న గుణాన్ని కాలమ్‌కు తేవాలె. తెచ్చేటప్పుడు పదివేల వరుసల చొప్పున అప్‌డేట్ చేసి, నడుమ నడుమ వాక్యూమ్ (పాతబడ్డ వరుసల చోటు మళ్ల వాడేటట్టు చేసేది) నడిపియ్యి.

మీ పెద్దనాయన