ఇనోడ్‌లో ఆ రెండు బైట్లు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

నాన్నా,

మీ ఫైల్‌సిస్టంలో, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే సాఫ్ట్‌వేర్‌లో, రెండు టెరాబైట్లు దాటిన ఫైళ్లు పట్టేలా చేసే పని నీకు అప్పజెప్పారట, మీ అమ్మ చెప్పింది. కోడ్ ముట్టుకోకముందే ఇది చదువు.

ముందు అడ్డు ఎక్కడుందో చూడు. లినక్స్ పాత ఫైల్‌సిస్టం ఈఎక్స్‌టీ3 సంగతే తీసుకో. ఫైలు సైజుకి 64 బిట్లు ఎప్పుడో ఇచ్చారు, అయినా 2 టెరాబైట్ల దగ్గర ఆగిపోయేది. ఇనోడ్‌లో, అంటే ఒక్కో ఫైలు వివరాలుండే రికార్డులో, ఆ ఫైలు వాడిన బ్లాకుల లెక్క 32 బిట్లే, అదీ 512 బైట్ల ముక్కల్లో. గుణించి చూసుకో.

ఇలాంటి పనిలోనే నేను బోర్లా పడింది ఇక్కడే. ఫైల్లో మధ్యదంతా వదిలేసి మూడు టెరాబైట్ల దగ్గరికి సీక్ చేసి, ఒక్క బ్లాకు రాసి, తిరిగి చదివి, పని అయిపోయిందని ఇంటికొచ్చి పడుకున్నాను. అది స్పార్స్ ఫైలు, రాయని చోటికి బ్లాకులే ఉండవు! సైజు మూడు టెరాబైట్లు, నిజంగా వాడిన చోటు చూపే డీయూ కమాండ్ కొడితే కిలోబైట్లు. బ్లాకుల లెక్క కదిలితే కదా తప్పు బయటపడేది. నువ్వు ఫాలోకేట్ కమాండ్‌తో నిజంగా బ్లాకులు కేటాయించి, ఫైలు వివరాలు చూపే స్టాట్‌లో బ్లాకుల అంకె చూడు. దానికి పెద్ద డిస్కు కావాలి. మీ మేనేజర్ గొణిగినా సరే, అడుగు.

దాని తరవాతి ఈఎక్స్‌టీ4 వాళ్లు ఇనోడ్‌లో పాత ఫ్రాగ్మెంట్ (బ్లాకులో ముక్క) ఫీల్డులున్న రెండు బైట్లను బ్లాకుల లెక్కలో పై 16 బిట్లుగా వాడుకున్నారు. ఫ్రాగ్మెంట్ల కోడ్ ఎవరూ రాయనే లేదు కాబట్టి ఆ చోటు ఊరికే పడుంది. కానీ డిస్కులో తప్పులు వెతికి సరిచేసే పాత ఎఫ్ఎస్‌సీకే ప్రోగ్రాం అక్కడ సున్నా కాకుండా ఏదైనా కనబడితే తప్పని పట్టుకునేది, సరిచేస్తానని సున్నా పెట్టేది. మంచి చేద్దామనే చేస్తుంది పాపం! అందుకే మొత్తం ఫైల్‌సిస్టం వివరాలుండే సూపర్‌బ్లాకులో హ్యూజ్‌ఫైల్ అని ఒక ఫీచర్ బిట్ పెట్టారు. అది తెలియని ఎఫ్ఎస్‌సీకే చెయ్యి పెట్టదు. తెలియని కెర్నల్ చదవడానికి మౌంట్ చేస్తుంది, రాయడానికి చెయ్యదు. ఎక్స్‌టెంట్ల (వరస బ్లాకులను ఒకే ఎంట్రీగా రాసే పద్ధతి) బిట్ అలా కాదు, బ్లాకుల పట్టికే మారింది కనుక అసలు మౌంటే కానివ్వదు. నీ మార్పు ఈ రెండిట్లో ఏ రకమో ముందే కాగితం మీద రాసుకో.

ఇంకోటి, హ్యూజ్‌ఫైల్ లాంటి ఆ బిట్ డిస్కుకి చేరాకే పెద్ద ఫైలు ఇనోడ్ చేరాలి. వరస తిరగబడి, రెంటికీ మధ్య కరెంటు పోతే? హుద్‌హుద్ చూసినవాడివి, నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆదివారం వచ్చేటప్పుడు మీ ఇనోడ్ స్ట్రక్చర్ ప్రింటు తీసుకురా. రిజర్వ్‌డ్ అని రాసున్నవన్నీ ఖాళీయే అనుకుని ఈలోగా ఏదీ వాడెయ్యకు.

బాబాయి