ఆమిష్ ప్రేమ నవలల్లో పెళ్ళి కన్నా ముందు జరిగేది చూడండి

ఆమిష్ వాళ్ళంటే అమెరికాలో పాత పద్ధతుల్లో విడిగా బతికే ఒక క్రైస్తవ సమూహం. వాళ్ళ మధ్య జరిగే ఈ ప్రేమ నవలల్లో నాయిక ‘నేనెవరికీ నచ్చను’ అని కుమిలిపోతుంటుంది, ఒక మంచివాడు వచ్చి చేసుకుంటాననగానే అన్నీ సర్దుకుంటాయి, ఇక తనను తాను ఒప్పుకోవడం ఎక్కడుంది అని అడిగారు. చాలావాటిలో నిజంగానే ఉండదండి. ఉన్నవాటిని పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను.

నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఇవి విపరీతంగా చదివాను. అప్పుడు పెన్సిల్వేనియాలో ఉద్యోగం. లైబ్రరీలో వీటికి అరలకు అరలే ఉండేవి. నాకు ముప్పై దాటాయి. అవతలివాళ్ళు ఫొటో చూసేవారు, వయసు అడిగేవారు, మళ్ళీ ఫోన్ చేసేవారు కాదు. ఇంకాస్త సన్నబడితే బాగుంటుందేమోనని అమ్మ మెల్లగా అనేది.

అందుకే బడిపంతులమ్మ నాయికగా ఉన్న కథలు నన్ను పట్టేశాయి. ఆమిష్ పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. అలా ఆపేసే హక్కు వాళ్ళకుందని 1972లో అమెరికా సుప్రీంకోర్టు కూడా అంది. ఒకే గది ఉన్న బడి, చదువు చెప్పేది ఎక్కువగా పెళ్ళికాని అమ్మాయిలే. పెన్సిల్వేనియాలోనే లాంకస్టర్ వైపు ఆమిష్ పెళ్ళిళ్ళు కోతలయ్యాక, ముఖ్యంగా నవంబర్‌లో, మంగళ, గురువారాల్లో జరుగుతాయి. తన దగ్గర చదువుకున్న పిల్లల పెళ్ళిళ్ళకే వెళ్ళి వడ్డన చేసే పంతులమ్మను ఊహించుకోండి. ఆ పేజీలు నేను ఆగి ఆగి చదివేదాన్ని.

ఇక ఆ గుర్తు. వాళ్ళలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక, ఎక్కువమంది ఇరవై ఏళ్ళ ఈడులో, ఎవరికి వారే నిర్ణయించుకుని తీసుకుంటారు. అది తీసుకుంటేనే సంఘంలో పెళ్ళి. తీసుకున్నాక వదిలి వెళ్తే వెలి వేస్తారు, తీసుకోకముందే వెళ్ళిపోతే వెయ్యరు. అంటే పెళ్ళి కన్నా ముందు, ఎవరి తోడూ లేకుండా తేల్చుకోవలసిన మాట ఒకటుంది. బలహీనమైన నవలలో ఆమె అతని కోసమే బాప్తిస్మానికి మోకరిల్లుతుంది. మంచి నవలలో అతను ఇంకా కథలోకి రాకముందో, వచ్చి వెళ్ళిపోయాకో, ‘నేను ఇక్కడిదాన్ని, ఇలాగే ఉంటాను’ అని తానే తేల్చుకుంటుంది. ఆ తర్వాత ప్రేమ వచ్చినా రాకపోయినా ఆమె తక్కువ కాదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. వీటిని రాసేది చాలావరకు ఆమిష్ కానివాళ్ళే, చదివేది ఎక్కువగా బయటి క్రైస్తవ స్త్రీలు. నిజమైన ఆమిష్ సంఘంలో అతిశయం పాపం. ‘నన్ను నేను ప్రేమించుకుంటున్నాను’ అని నాయిక ప్రకటిస్తే అది బయటి గొంతు. నాకు నచ్చేది పది మంది ఆడవాళ్ళు ఒక చట్రం చుట్టూ కూర్చుని బొంత కుట్టే సన్నివేశం. అక్కడ ఆమె కుట్టు ఎంత సన్నగా ఉందో చూస్తారు, ముఖం ఎలా ఉందో కాదు. ఆమెకు అక్కడ చోటుంది, అంతే. అలాంటి చోటు నాకూ కావాలనిపించింది. కొన్నాళ్ళు నా ఫొటోలు ఎవరికీ పంపొద్దని అమ్మకి చెప్పాను. ఏడ్చింది. నేను మాట మార్చలేదు.

మీ చేతిలో ఉన్న నవలలో బాప్తిస్మం అతను అడిగాకే, అతని కోసమే వస్తే మీ అభ్యంతరం న్యాయమే, పక్కన పెట్టేయండి. ముందే వస్తే మాత్రం చివరిదాకా చదవండి.