చెంబు మీద పేరు చెక్కండి, తేదీ మాత్రం వద్దు

"ఉద్యోగం చేసుకుంటూనే గ్లాసులు, చెంబుల మీద చేత్తో పేర్లు చెక్కి గిఫ్టులుగా అమ్మితే ఏమైనా మిగులుతుందా?" అని అడిగారు. మిగులుతుంది. ఆరేళ్లుగా నాకు పెట్రోలు ఖర్చు, పిల్లల ట్యూషన్ ఫీజు దాంట్లోనే వెళ్తున్నాయి. కాకపోతే తేదీ చెక్కమని ఎవరడిగినా ఒప్పుకోకండి.

మాది నల్గొండ. పగలు ఒక కాలేజీలో ల్యాబ్ పని, రాత్రి ఈ పని. నేర్పింది మా వెనక గల్లీ అవుసులాయన, అంటే కంసాలి. కాకా అని పిలుస్తాను. మొదటి నెలంతా ఉలికి సాన పట్టించాడే తప్ప ఒక్క అక్షరం చెక్కనివ్వలేదు. రెండో నెలలో 'అ' మొదలుపెడితే ఉలి జారి చెంబు మీద అడ్డంగా గీత పడింది, మొన వచ్చి బొటనవేల్లో దిగింది. "చెయ్యి తిప్పకురా, చెంబు తిప్పు" అన్నాడు కాక. కిటుకంతా అదే. ఇంగ్లిష్ అక్షరాలు నాలుగు గీతలు గీస్తే అయిపోతాయి. మనవి అన్నీ వంపులే, చెంబు తిరగకపోతే అక్షరం తిరగదు.

రాగి, ఇత్తడి మెత్తన, వాటితోనే మొదలుపెట్టండి. స్టీలు చెక్కేకొద్దీ గట్టిపడుతుంది, మొన త్వరగా అరుగుతుంది. పోసినవి వేడిగానే ఉంచే ఫ్లాస్కు బాటిళ్ల మీద మాత్రం చెక్కొద్దు. వాటికి రెండు గోడలుంటాయి, మధ్యలో గాలి ఉండదు. పై రేకు పల్చన, దానికి చిల్లు పడిందా, ఇక అది మామూలు బాటిలే. పోయిన బాటిల్ డబ్బులు మీ జేబులోంచే.

ఇప్పుడు తేదీ సంగతి. ఒకరి గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులు, 51 రాగి చెంబులు. చెంబులు వాళ్లవే, చెక్కినందుకు చెంబుకు 60 రూపాయలు. మొగుడు పెళ్లాల పేర్లు, కింద తేదీ. పల్చటి రాగి, సొట్ట పడకుండా లోపల ఇసుక గట్టిగా కూరి, కింద గుడ్డ సంచి పెట్టుకుని ఒక్కొక్కటీ చెక్కాను. 31 అయ్యాక ఫోన్. "తమ్మీ, మా పెద్దబాపు పోయిండు. ముహూర్తం జరుపుతున్నం." చావు కబురు చెప్పినవాళ్లను చెంబుల గురించి ఏమని అడుగుతాం?

తేదీ గీకేద్దామనుకున్నాను. "గీకితే గుంత కనబడ్తది, తీగ పారియ్యి" అన్నాడు కాక. అంకెల మీదుగా తీగ చెక్కడం మొదలుపెట్టాను. సున్నాలు పువ్వులయ్యాయి, ఒకట్లు కాడలయ్యాయి. 17లో 7 మాత్రం ఎన్ని ఆకులేసినా 7 లాగానే ఉండేది. వారం రాత్రులు ఇదే టెన్షన్. చూడ్డానికి వచ్చినప్పుడు ఆ ఇంటామె మురిసిపోయింది. "తీగ మస్తుగున్నది, మిగిలిన 20కి గూడ ఎయ్యి తమ్మీ." పైసలు మాత్రం పాతవే. మొత్తం 3,060 అయితే, రౌండు చేసి 3,000 చేతిలో పెట్టారు. రౌండు చేయడమంటే ఎప్పుడూ కిందికే.

"పేరే కదా అన్నా, రెండు నిమిషాల పని" అనేవాళ్లకు మిషన్ చూపించండి. లేజర్‌తో నిజంగానే రెండు నిమిషాలు. షాపులో కరెంటు పెన్నుతో రాసే పేరు పైపైన గీరినట్టుంటుంది, చింతపండుతో రోజూ తోమితే కొన్నేళ్లకు మసకబారుతుంది. మా అమ్మ పెళ్లి సర్వ మీద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు ఇప్పటికీ వేలికి తగులుతుంది. అది ప్రేమతో కొట్టించింది కూడా కాదు, పెళ్లిళ్లకు అరువిచ్చిన సర్వ తిరిగి మనింటికే రావాలని. గిఫ్టు అన్న మాట దానికి ఈమధ్యే అంటింది.

ఇంకోటి. కొందరు రాగి చెంబు అమ్ముతూ ఇందులో నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ పోతుందంటారు. మన జిల్లాలో ఆ మాట అనడానికి సిగ్గుండాలి. రాగికి ఫ్లోరైడ్ పోదు. మీరు పేరు చెక్కండి, వైద్యం అమ్మకండి.

ఆ గృహప్రవేశం నాలుగు నెలలకు జరిగింది, నన్నూ పిలిచారు. భోంచేసి వస్తుంటే బొట్టు పెట్టి రిటర్న్ గిఫ్టు ఇచ్చారు. బయటికొచ్చి ఎండకు పట్టి చూస్తే ఆకుల మధ్యలో 7 అలాగే ఉంది.