సొంత ఇంటి ఆవరణలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలా?

చాలా రకాల చెట్లకు కావాలి. స్థలం మీదే, మొక్క నాటిందీ మీరే అయినా సరే. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ దీనికి ఆధారం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమే. హైదరాబాద్‌లోనైతే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. కారణం స్పష్టంగా రాసి, చెట్టు ఫొటోలు జతచేస్తే మంచిది. ఎండిపోయిందనో, ఇంటి మీదికి ఒరిగి ప్రమాదంగా ఉందనో అంటే చట్టంలోనే వెసులుబాటు ఉంది. ఆకులు రాలి వాకిలి పాడవుతోందంటే మాత్రం ఒప్పించడం కష్టం, నా ఉద్దేశంలో ఒప్పుకోకూడదు కూడా. అనుమతిచ్చినా, బదులుగా మొక్కలు నాటమంటారు. చెట్టు టేకైతే దుంగలు తరలించడానికి రవాణా పర్మిట్ వేరే తీసుకోవాలి. రంపం మనిషికి అడ్వాన్సు ఇచ్చేముందే అనుమతి కాగితం చేతికి రానివ్వండి. పక్కింటివాళ్ల ఫిర్యాదు ఒక్కటి చాలు, జరిమానా దాకా వెళ్తుంది.