యూరిన్ కల్చర్ రిపోర్టుకి మూడు రోజులెందుకు? ఈఎస్‌బీఎల్ అని ఎలా తేలుస్తారు?

అమ్మగారి యూరిన్ కల్చర్ రిపోర్టు మూడో రోజుకి గానీ రాలేదనీ, అందులో ‘ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని ఉందనీ, ఇన్ని రోజులు ల్యాబ్‌లో ఏం చేస్తారనీ అడిగారు. నేను పదకొండేళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోజూ కౌంటర్ దగ్గర వినే ప్రశ్నే ఇది. ఈ.కోలై అంటే యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చే ఒక బ్యాక్టీరియా, ఈఎస్‌బీఎల్ అంటే అది తయారుచేసే, కొన్ని యాంటీబయాటిక్స్‌ని విరగ్గొట్టే ఎంజైమ్.

మొదటి రోజు పనంతా బ్యాక్టీరియాదే, మాది కాదు. కొలత లూప్‌తో ఒక్క మైక్రోలీటర్ యూరిన్ తీసి, అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) పోసిన ప్లేట్ మీద గీసి, రాత్రంతా ఇంక్యుబేటర్లో పెడతాం. పొద్దున్నే తీస్తే మెకాంకీ అనే రకం ప్లేట్ మీద గులాబీ రంగు చుక్కలు, అంటే బ్యాక్టీరియా గుంపులు. అవి వంద ఉన్నాయంటే మిల్లీలీటరు యూరిన్‌కి లక్ష బ్యాక్టీరియా అన్నమాట.

ఏ మందుకి లొంగుతుందో చూసేది రెండో రోజు. మూడు నాలుగు చుక్కలు తీసి సెలైన్‌లో కలుపుతాం. ఆ మసక సరిగ్గా 0.5 మెక్‌ఫార్లాండ్ (మసకని కొలిచే ప్రమాణం) ఉండాలి. నల్ల గీతలున్న కార్డు ముందు స్టాండర్డ్ ట్యూబునీ మన ట్యూబునీ పక్కపక్కన పట్టుకుని చూస్తాం. స్వాబ్ ముంచి, ట్యూబు గోడకి నొక్కి పిండి, మ్యూలర్ హింటన్ అనే ఇంకో రకం ప్లేటంతా మూడు వైపుల నుంచీ పూస్తాం. పైన మందు బిళ్లలు అంటిస్తాం. బిళ్లంటే మింగేది కాదు, 6 మిల్లీమీటర్ల కాగితపు చుక్క. మళ్లీ 16–18 గంటలు ఆగాలి. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం వస్తుంది, దాన్ని స్కేలుతో కొలుస్తాం.

ఈఎస్‌బీఎల్‌కి ఒక చిన్న కిటుకుంది. సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్ బిళ్ల ఒకటి, క్లావులనేట్ కలిపిన సెఫ్టాజిడైమ్ బిళ్ల ఇంకొకటి పెడతాం. మందుని విరగ్గొట్టే ఎంజైమ్‌ని క్లావులనేట్ అడ్డుకుంటుంది. రెండో వలయం మొదటిదానికంటే 5 మిల్లీమీటర్లో అంతకుమించో పెద్దదైతే పాజిటివ్. 13 పక్కన 22 కనిపించినప్పుడు స్కేలు కూడా అక్కర్లేదు.

ఒక వేసవిలో మా ప్లేట్లు పల్చగా పోశారు. అగార్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పల్చనైతే వలయాలు పెద్దవొచ్చి, మొండి బ్యాక్టీరియా కూడా మందుకి లొంగినట్టే కనిపిస్తుంది. కంట్రోల్‌కి, అంటే పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చూసుకోడానికి వాడే ఏటీసీసీ 25922 అనే ఈ.కోలై రకానికి జెంటామైసిన్ మందు వలయం 19–26 మిల్లీమీటర్ల మధ్య రావాలి, ఆరోజు 29 వచ్చింది. రిపోర్టులన్నీ ఆపేసి మళ్లీ వేశాం. ఒకాయన కౌంటర్ దగ్గర గంటసేపు గొడవ పడ్డాడు. ఆయన బాధ ఆయనది, కానీ ఆ 29ని నమ్మి రిపోర్టు ఎలా ఇస్తాం?

ఈ పరీక్షని వాటంతటవే చేసే వైటెక్ లాంటి మిషన్లున్నా విడిగా పెరిగిన చుక్క దానికీ కావాలి. కొన్ని గంటలు కలిసొస్తాయంతే.

ఇంకో మాట. రిపోర్టులో వలయాల అంకెలుంటే మందుల్ని ఒకదాంతో ఒకటి పోల్చకండి. మా బాబాయి రిపోర్టులో మెరోపెనెమ్‌కి 24, నైట్రోఫురాంటాయిన్‌కి 18, రెండింటి పక్కనా ‘ఎస్’, అంటే మందు పనిచేస్తుందని. “24 దే గట్టి మందు కదరా, ఆ ఇంజెక్షనే వేయించుకుంటా” అని పట్టుబట్టాడు. ఏ మందు హద్దు దానిదే. ఆయనకి చివరికి డాక్టరు గారు రాసింది ఆ 18 మందే, నోటి ద్వారా వేసుకునేది. అమ్మగారి రిపోర్టులోనూ నైట్రోఫురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ ఎదురుగా ఏముందో డాక్టరు గారిని అడిగి చూడండి.