మగకుక్క పదేపదే కాలెత్తుతోంది, చుక్కలే పడుతున్నాయి. రేపటిదాకా చూడొచ్చా?

వద్దండి, ఇప్పుడే తీసుకెళ్లండి. మగకుక్క అంగంలో చిన్న ఎముక ఉంటుంది. మూత్రనాళం దాని కింద గాడిలోంచి వెళ్తుంది, అక్కడ సాగే వీలుండదు. అందుకే మూత్రాశయంలోంచి జారిన రాయి చాలాసార్లు ఆ ఎముక దగ్గరే ఇరుక్కుంటుంది. మూత్రం పూర్తిగా ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. పొట్ట బిగుసుకుని వాంతులు, నీరసం మొదలైతే అర్ధరాత్రైనా ఆగొద్దు. మూత్రం వస్తుందేమోనని పొట్ట నొక్కకండి, మూత్రాశయం చిట్లొచ్చు.

ఆడకుక్కల్లో ఎక్కువగా వచ్చేది ఇన్ఫెక్షన్. కొంచెం కొంచెంగా చాలాసార్లు పోస్తుంది, అలవాటు లేనిది ఇంట్లోనే పోసేస్తుంది, కింద నాకుతూనే ఉంటుంది. హుషారుగా తింటుంటే మర్నాటికల్లా చూపిస్తే సరిపోతుంది. వెళ్లేముందు పోసిన మూత్రం శుభ్రమైన గరిటెతో పట్టి మూత ఉన్న డబ్బాలో తీసుకెళ్లండి, పరీక్షకు పనికొస్తుంది. మూత్రంలో రక్తం కనిపిస్తే మగైనా ఆడైనా ఆ రోజే చూపించాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క హీట్ (ఎద) అయిన కొన్ని వారాలకు డల్ అయిపోయి, నీళ్లు తెగ తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. కింద నుంచి చీము కారకపోయినా సరే, అదీ ఎమర్జెన్సీయే.

పది కిలోల కుక్క రోజుకు లీటరు దాటి నీళ్లు తాగుతుంటే షుగర్, కిడ్నీ పరీక్షలు అడగండి. నొప్పి తగ్గాలని ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మాత్రం వేయకండి, కుక్కలకు అవి విషం.