రెస్క్యూ పెన్‌డ్రైవ్, బుల్లి లైనక్స్... ఈ ఆసక్తితో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్నేహితుల కంప్యూటర్లు బూట్ కాకపోతే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి ఫైళ్లు తీసిస్తుంటాను. సొంతంగా ఒక చిన్న లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ తయారు చేయాలని ఉంది. నాన్నేమో ‘అది ఫ్లాపీల నాటి పని, దానికి ఉద్యోగాలెక్కడివి? క్లౌడ్ కోర్సు చెయ్యి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఫ్లాపీల కాలం పోయిందన్న మాట నిజమే. 1.44 ఎంబీ ఫ్లాపీలో కెర్నెల్‌నూ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) పనిముట్లనూ ఇరికించే అవసరం ఇప్పుడు లేదు. 2003లో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి ఫ్లాపీ మీద నేరుగా బూట్ అయ్యే సౌకర్యాన్నే తీసేశారు. పని మాత్రం పోలేదు. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బూట్ కాకుండా ఆగిపోయినట్టు మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన సాధనాల్లో ఒకటి బూట్ అయ్యే యూఎస్‌బీ డ్రైవ్. ఇక లైనక్స్ కమాండ్‌లు చాలావాటిని ఒకే చిన్న ప్రోగ్రామ్‌లో ఇమిడ్చిన బిజీబాక్స్ సంగతి చూడండి. 1995లో బ్రూస్ పెరెన్స్ దాన్ని రాసింది డెబియన్ ఇన్‌స్టాలేషన్ ఫ్లాపీలో పట్టించడానికే. అదే బిజీబాక్స్ ఇప్పుడు ఇళ్లలోని రౌటర్లలో ఉంది, క్లౌడ్‌లో నడిచే ఆల్పైన్ లైనక్స్ కంటైనర్లలో (ప్రోగ్రామ్‌ను దాని అవసరాలతో సహా కట్టే పొట్లాలు) ఉంది. నాన్నగారు చెప్పిన దారీ, మీకు ఇష్టమైన దారీ అక్కడే కలుస్తాయి.

అయితే ఒక హెచ్చరిక. ఉబుంటు ఐఎస్ఓను (ఇన్‌స్టాలేషన్ డిస్క్ ఇమేజ్ ఫైల్) విప్పి, వాల్‌పేపర్, పేరు మార్చి, నాలుగు ప్యాకేజీలు చేర్చి ‘నా డిస్ట్రో’ (డిస్ట్రిబ్యూషన్) అని రెజ్యూమేలో రాస్తే ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూడా నిలబడదు. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి షెల్ ప్రాంప్ట్ వచ్చేదాకా ఏ దశలో ఏం జరుగుతుంది, ఎక్కడ ఆగితే తెరమీద ఏం కనిపిస్తుంది అన్నది చెప్పగలగడమే మీ అసలు అర్హత. అందుకు అన్నిటికంటే చిన్న లైనక్స్‌ను చేత్తో కట్టాలి. ఆ తర్వాత దాన్ని కావాలనే చెడగొట్టాలి.

కట్టడానికి కావలసినవి రెండే: కెర్నెల్, బిజీబాక్స్. కెర్నెల్‌ను డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌తో కంపైల్ చేయండి. బిజీబాక్స్ సెట్టింగ్స్‌లో స్టాటిక్ బైనరీ (బయటి లైబ్రరీలు అవసరం లేని ప్రోగ్రామ్) ఆప్షన్ తప్పకుండా ఆన్ చేయండి. సుమారు 2 ఎంబీ ఉండే ఆ ఒక్క ఫైల్‌లోనే 300కు పైగా కమాండ్‌లు ఉంటాయి. ఇన్‌స్టాల్ చేశాక వచ్చిన ఫోల్డర్‌లో ప్రాక్, సిస్, డెవ్ అనే ఖాళీ ఫోల్డర్లు పెట్టండి. పైస్థాయిలో ఇనిట్ అనే షెల్ స్క్రిప్ట్ రాయండి, కెర్నెల్ మొదట నడిపేది దాన్నే. అది ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్‌లను (కెర్నెల్ తన సమాచారాన్నీ పరికరాలనూ ఫైళ్లుగా చూపే ఫైల్‌సిస్టమ్‌లు) మౌంట్ చేసి, చివరి వరుసలో ఎగ్జెక్‌తో షెల్‌ను పిలవాలి. మొత్తం ఫోల్డర్‌ను సీపీఐఓ అనే ఆర్కైవ్ పనిముట్టుతో ‘న్యూసీ’ ఫార్మాట్‌లో కట్టి, జీజిప్ చేస్తే అదే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, అంటే బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే తొందర వద్దు. క్యూఎమూ అనే వర్చువల్ మెషీన్‌లో 512 ఎంబీ మెమరీ ఇచ్చి కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లను నేరుగా అందించండి. సెకన్లలో బూట్ అవుతుంది, తప్పు చేస్తే మళ్లీ అంతే త్వరగా ప్రయత్నించొచ్చు. టెర్మినల్‌లోనే చూడాలంటే కెర్నెల్ కమాండ్ లైన్‌లో కన్సోల్‌ను టీటీవైఎస్0 (మొదటి సీరియల్ పోర్ట్) అని చెప్పాలి. అది మరిస్తే కెర్నెల్ చక్కగా నడుస్తున్నా మీకు ఖాళీ తెరే కనిపిస్తుంది. చాలామంది తొలిరోజు ఇక్కడే పొరపడి కెర్నెల్‌ను మళ్లీ మళ్లీ కంపైల్ చేస్తుంటారు.

ఇప్పుడు చెడగొట్టడం. స్టాటిక్ ఆప్షన్ తీసేసి బూట్ చేయండి. ఇనిట్ ఫైల్ కళ్లెదుటే ఉన్నా కెర్నెల్ ‘ఎర్రర్ -2’ అంటుంది, అంటే ఫైల్ లేదని. నిజానికి లేనిది ఇనిట్ కాదు, దాన్ని నడిపించాల్సిన షెల్‌కు అవసరమైన డైనమిక్ లోడర్ (లైబ్రరీలను కలిపే ప్రోగ్రామ్). ఇనిట్‌కు ఎగ్జిక్యూట్ అనుమతి తీసేస్తే ‘-13’ వస్తుంది. వేరే ప్రాసెసర్‌కు కంపైల్ చేసిన బైనరీని ఇనిట్‌గా పెడితే ‘-8’. స్క్రిప్ట్ చివర ఎగ్జెక్ షెల్ వరుస తీసేస్తే ఇనిట్ పని ముగించుకుని బయటికి వెళ్తుంది. మొదటి ప్రాసెస్ చనిపోవడానికి వీల్లేదు కాబట్టి ‘అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’ అంటూ పానిక్ (కెర్నెల్ పూర్తిగా ఆగిపోవడం) వస్తుంది. సీపీఐఓలో న్యూసీ అని చెప్పకపోతే కెర్నెల్‌కు ఆ ఆర్కైవ్ అర్థంకాదు. రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకలేదంటూ ‘అన్‌నోన్ బ్లాక్ 0,0’ దగ్గర ఆగుతుంది. డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ మౌంట్ చేయకపోతే షెల్ వస్తుంది గానీ డిస్కులేవీ కనిపించవు. ఈ ఆరింటినీ స్వయంగా చేసి చూసి, ప్రతిదానికీ తెరమీద వచ్చిన వాక్యం, కారణం, రుజువు చేసిన పద్ధతి రాసిపెట్టుకోండి. ఈ నోట్స్ విలువ సర్టిఫికెట్ కంటే ఎక్కువని గట్టిగా చెబుతున్నాను.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలంటే కెర్నెల్‌ను అతి తక్కువ ఆప్షన్లుండే టైనీకాన్ఫిగ్‌తో మొదలుపెట్టండి. అది బూట్ అయినా ఒక్క అక్షరం కూడా చూపించదు, ఎందుకంటే సందేశాలు ముద్రించే ప్రింట్‌కే సైతం అందులో ఉండదు. 64 బిట్ మద్దతు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, టీటీవై (టెర్మినల్), సీరియల్ కన్సోల్, ఈఎల్ఎఫ్ (లైనక్స్ ప్రోగ్రామ్ ఫార్మాట్) బైనరీలు, స్క్రిప్టులు నడిపే ఆప్షన్, ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్... ఒక్కొక్కటే చేర్చుకుంటూ రండి. ఏది ఎందుకు కావాలో అప్పుడు చేతికి తెలుస్తుంది.

రెస్క్యూ పెన్‌డ్రైవ్ దగ్గర మాత్రం సొంత డిస్ట్రో మోజు పక్కన పెట్టండి. ఎవరిదో డేటా ప్రమాదంలో ఉన్నప్పుడు వాడాల్సింది సిస్టమ్‌రెస్క్యూ, ఫిన్నిక్స్, జీఆర్ఎంఎల్ లాంటి నిలకడైన వాటినే. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ షా256 చెక్‌సమ్ (ఫైల్ చెడలేదని చెప్పే సంఖ్య) సరిచూడండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాసే డీడీ కమాండ్ కొట్టే ముందు, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బ్లాక్‌లో పరిమాణం, మోడల్ పేరు చూసి అది పెన్‌డ్రైవేనని నిర్ధారించుకోండి. ఒక్క అక్షరం తేడాతో సొంత హార్డ్‌డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది.

డిస్క్ పాడవుతోందన్న అనుమానం ఉంటే ముందు ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ మరమ్మతు కమాండ్) నడపకూడదు. అది డిస్క్ మీద రాస్తుంది, ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టగలదు. మొదట జీఎన్‌యూ డీడీరెస్క్యూతో, ఏ భాగాలు చదివిందో గుర్తుంచే మ్యాప్ ఫైల్ పెట్టుకుని, వేరే డిస్క్‌లోకి ఇమేజ్ తీయాలి. మొదటి విడతలో సులువుగా చదవగలిగినదంతా తెచ్చుకుని, మొండి సెక్టార్లను రెండో విడతకు వదలాలి. మ్యాప్ ఫైల్ ఉంటే మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే కొనసాగుతుంది. మరమ్మతులన్నీ ఆ ఇమేజ్ నకలు మీదే. ఇంకో సంగతి: ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ను రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా, కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకపోయి ఉంటే జర్నల్‌ను (రాయబోయే మార్పుల చిట్టా) తిరిగి అమలు చేస్తూ డిస్క్ మీద రాస్తుంది. దాన్ని ఆపాలంటే నోలోడ్ ఆప్షన్ కూడా ఇవ్వాలి. ఎక్స్ఎఫ్ఎస్‌కైతే నోరికవరీ.

డిస్క్ బాగానే ఉండి బూట్ లోడర్ మాత్రమే పోయిందనుకోండి. రూట్ పార్టిషన్‌ను, దాని లోపల బూట్ ఈఎఫ్ఐ దగ్గర ఈఎస్‌పీని (బూట్ ఫైళ్లుండే పార్టిషన్) మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్‌లను బైండ్ మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో ఆ డిస్క్‌లోని వ్యవస్థలోకి వెళ్లి గ్రబ్ బూట్ లోడర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయాలి. అన్నీ సరిగా చేసినా ‘ఈఎఫ్ఐ వేరియబుల్స్ ఆర్ నాట్ సపోర్టెడ్’ అని వస్తే తరచుగా కారణం ఇది: మీ పెన్‌డ్రైవ్ పాత బయాస్ పద్ధతిలో బూట్ అయింది. రీస్టార్ట్ చేసి బూట్ మెనూలో యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) అని ఉన్న ఎంట్రీని ఎంచుకోవాలి. విండోస్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్ అయితే 48 అంకెల రికవరీ కీ ఉందా అని యజమానిని ముందే అడగండి. అది లేకుండా గంటలు గడిపినా ఫలితం ఉండదు. మరొకరి డిస్క్ తెరిచేటప్పుడు ఏ ఫోల్డర్లు కావాలో వాళ్లనే రాసివ్వమనండి. మిగతావి చూడకండి.

ఉద్యోగం విషయానికొస్తే, ఎంబెడెడ్ (పరికరాల్లో అమర్చే) లైనక్స్ ఇంజినీర్, బీఎస్‌పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజీ) డెవలపర్, ఫర్మ్‌వేర్ ఇంజినీర్ అన్న పేర్లతో వెతకండి. ప్రకటనల్లో పదేపదే కనిపించే పదాలు బిల్డ్‌రూట్, యోక్టో (రెండూ సొంత లైనక్స్ ఇమేజ్ కట్టే సాధనాలు), యూబూట్ (బోర్డుల బూట్ లోడర్), డివైస్ ట్రీ (బోర్డులోని హార్డ్‌వేర్ వివరణ), క్రాస్ కంపైలింగ్ (వేరే ప్రాసెసర్ కోసం కంపైల్ చేయడం). చేత్తో కట్టడం అయ్యాక బిల్డ్‌రూట్‌కు వెళ్లండి. మీరు చేత్తో చేసిన పనినే అది క్రమబద్ధంగా చేస్తుంది. యోక్టోను చివరికి ఉంచండి. దానికి 100 జీబీకి పైగా ఖాళీ డిస్క్ కావాలి, పునాది లేకుండా దిగితే ఎర్రర్లలో మునిగిపోతారు. మధ్యలో చిన్న ఆర్మ్ బోర్డు, యూఎస్‌బీ సీరియల్ కేబుల్ సంపాదించండి. ఇలాంటి బోర్డుల్లో చాలావాటికి 3.3 వోల్టుల కేబులే వాడాలి, 5 వోల్టులది పెడితే పిన్నులు కాలిపోవచ్చు. టీఎక్స్‌ను (పంపే పిన్) ఆర్ఎక్స్‌కు (అందుకునే పిన్), ఆర్ఎక్స్‌ను టీఎక్స్‌కు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు కలపాలి. సీరియల్ వేగం చాలా బోర్డులకు సెకనుకు 115200 బిట్లు. చెత్త అక్షరాలు వస్తే ముందు ఆ వేగాన్ని అనుమానించండి.

మీ ఇమేజ్‌ను ఇతరులకు పంచేటట్టయితే లైసెన్సులు కూడా చూసుకోవాలి. కెర్నెల్, బిజీబాక్స్ రెండూ జీపీఎల్ 2 అనే ఓపెన్‌సోర్స్ లైసెన్స్ కిందివి, బైనరీ ఇచ్చినవారికి సోర్స్ కూడా అందించాలి. బిల్డ్‌రూట్‌లో లీగల్ ఇన్ఫో అనే టార్గెట్ ఆ సోర్సులనూ లైసెన్సులనూ ఒకచోట పోగుచేస్తుంది. కంపెనీలు నిజంగా పట్టించుకునే విషయం ఇది, విద్యార్థుల ప్రాజెక్టుల్లో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

క్లౌడ్ కోర్సు కూడా చేయండి. వద్దనడానికి కారణమేమీ లేదు. వారానికి ఆరేడు గంటలు దీనికి కేటాయిస్తే ఒక సెమిస్టర్‌లో చేత్తో కట్టిన ఇమేజ్, ఆరు వైఫల్యాల నోట్స్, బిల్డ్‌రూట్‌తో బోర్డు మీద నడిచే మరో ఇమేజ్ పూర్తవుతాయి. సోర్స్, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, నోట్స్ ఒకే గిట్ రెపోలో పెట్టండి. కొత్తవాళ్లెవరైనా ఆ రెపో తీసుకుని, మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ప్రాంప్ట్ దాకా రాగలుగుతున్నారా అన్నది ఒక స్నేహితుడితో పరీక్షించి, అతను ఆగిన ప్రతిచోటా సూచనలు సరిదిద్దండి. ఆ తర్వాతే దాని లింక్‌ను రెజ్యూమేలో చేర్చండి.